తెలుగు వత్తులకు తెర మీద చోటివ్వండి

సంపాదకులకు,

ఫోన్‌లో, కంప్యూటర్‌లో తెలుగు చదవబోతే అక్షరాలు కళ్లకు ఆనడం లేదన్న మాట నలభై దాటినవాళ్ల నోట తరచూ వినిపిస్తోంది. ఆ వయసుకు చత్వారం ఎటూ వస్తుంది. కానీ అదే తెర మీద అదే మనిషి ఆంగ్లం సాఫీగా చదువుతున్నప్పుడు నెపమంతా కళ్లజోడు మీద వేయడం సరికాదు. ఆంగ్ల అక్షరాలకు సరిపోయిన సైజులు, వరుసల మధ్య ఎడం, లేత రంగులు యథాతథంగా తెచ్చి తెలుగుకు తొడుగుతున్నారు. పైగా రంగు సంగతి ఒకరు, సైజు సంగతి మరొకరు విడివిడిగా తేల్చేస్తున్నారు. మన లిపికి ఈ రెండూ కలిపి చూడాల్సినవి. ఎందుకో లెక్కలతో చెబుతాను. వెబ్‌సైట్లు, యాప్‌లు చేయించేవాళ్లకూ చేసేవాళ్లకూ, కొంతవరకు మీ ఈ-పేపర్ విభాగానికీ పనికొస్తుంది.

ముందు చోటు. ఆఫీసుల్లో, సేవా కేంద్రాల్లో ఇప్పటికీ కనిపించే 15.6 అంగుళాల పాత లాప్‌టాప్ తెరలో అడ్డంగా 1366, నిలువుగా 768 పిక్సెళ్లు ఉంటాయి. అంటే అంగుళానికి దాదాపు 100. వెబ్ పేజీలో మామూలు పాఠానికి పెట్టే 16 పిక్సెళ్ల సైజు దాని మీద నిజంగానే 16 పిక్సెళ్లు. ఈ పదహారూ, పైనా కిందా ఇంకో నాలుగైదూ కలిపి వచ్చే చోటులోనే పైన గుడి, గుడిదీర్ఘం, ఏత్వం. మధ్యలో తలకట్టుతో అసలు అక్షరం. కింద వత్తు, ఆ వత్తు కింద మరో వత్తు ఇమడాలి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మీ’ ఒకసారి రాసి చూసుకోండి. వీటన్నిటికీ పంచగా అసలు అక్షరానికి దక్కేది ఫాంటును బట్టి ఎనిమిదో తొమ్మిదో పిక్సెళ్లు. ‘తిరు’కూ ‘తీరు’కూ తేడా చూపే మెలిక ఒకటి రెండు పిక్సెళ్లలో తేలిపోతుంది. బ, భల మధ్య గీత, ఠ పొట్టలో చుక్క కూడా అంతే. దరఖాస్తులో పేరు సరిచూసుకోమని అడిగే పేజీలో ఇది చిన్న విషయం కాదు. ఆధార్‌లో ‘భాస్కర్’, ఇక్కడ ‘బాస్కర్’ అని పడితే తర్వాత తిరగాల్సింది ఆ మనిషే.

అదే పాఠం 6.5 అంగుళాల, 1600×720 పిక్సెళ్ల చవక ఫోన్‌లో మెరుగ్గా కనిపిస్తుంది. అక్కడ అంగుళానికి 270 పిక్సెళ్లు. డిజైనర్ 16 అని రాసిన సైజుకు ఫోన్ 32 నిజమైన పిక్సెళ్లు వాడుతుంది. మంచి చూపున్న కన్ను దాదాపు ఒక ఆర్క్ నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు తేడాను పట్టగలదు. 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకునే ఫోన్‌కు అది అంగుళానికి సుమారు 290 పిక్సెళ్లతో సమానం, 60 సెంటీమీటర్ల దూరాన ఉండే మానిటర్‌కు సుమారు 145. అంటే పాత లాప్‌టాప్ తెర కన్ను పట్టగలిగినదానికి చాలా తక్కువలో ఉంది, ఫోన్ దాదాపు సరిపోతోంది. డిజైన్ చేసేవాళ్ల బల్ల మీద ఉండేది మాత్రం అంగుళానికి 220 పిక్సెళ్ల ఖరీదైన లాప్‌టాప్. ఆమోదం అక్కడ పడుతుంది, వాడకం ఇంకెక్కడో జరుగుతుంది.

ఇప్పుడు రంగు. అక్షరం, వెనుక రంగు మధ్య ఎంత తేడా ఉందో చెప్పడానికి కాంట్రాస్ట్ నిష్పత్తి అనే కొలత ఉంది. వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు, అంటే డబ్ల్యూసీఏజీ, మామూలు పాఠానికి కనీసం 4.5:1 అడుగుతాయి, పై స్థాయికి 7:1. తెలుపు మీద నలుపు 21:1. తెలుపు మీద #777777 అనే కోడ్ ఉన్న బూడిదరంగు 4.48 వద్ద వెంట్రుకవాసిలో తప్పుతుంది, #767676 4.54తో గట్టెక్కుతుంది. #999999 అయితే 2.85. ఈ నిష్పత్తి చూపించే ఉచిత పనిముట్లు చాలా బ్రౌజర్లలో ఉన్నాయి కాబట్టి డిజైనర్ 4.54 చూసి సంతృప్తి పడతాడు.

చిక్కు ఇక్కడే ఉంది. ఆ నిష్పత్తి రంగు కోడ్‌ల మధ్య లెక్క. తెర మీద గీతకు నిజంగా ఆ రంగు పడుతుందా అన్నది దానికి పట్టదు. పిక్సెల్ కన్నా సన్నగా ఉన్న గీతను గీయాల్సి వచ్చినప్పుడు కంప్యూటర్ ఆ పిక్సెల్‌ను గీత ఎంత మేర ఆక్రమించిందో అంత మేరకే రంగు వేసి మిగతాది వెనుక రంగుతో కలుపుతుంది. అంచుల్ని నునుపు చేసే పద్ధతే ఇది. సన్నగీతల తెలుగు ఫాంటులో 12 పిక్సెళ్ల సైజు వద్ద వత్తు గీత మందం పిక్సెల్‌లో సగానికి రాదు. 40 శాతం నింపిందనుకుందాం. అక్షరం అచ్చమైన నలుపే అయినా ఆ గీతకు పడేది #999999, కాంట్రాస్ట్ 2.85. అక్షరం #767676లో ఉంటే ఆ గీత లేత బూడిదగా మారి 1.67కు పడిపోతుంది. అంటే కాగితం మీద ‘పాస్’ అయిన రంగులో భ కింది గీత ఆచరణలో మాయమైనట్టే. అదే గీత రెండింతల పిక్సెళ్లున్న తెర మీద పిక్సెల్‌ను 80 శాతం నింపుతుంది. నలుపైతే కాంట్రాస్ట్ 12 దాటుతుంది, #767676 అయితే 3.15. లేత రంగు చేసే నష్టం తక్కువ రిజల్యూషన్ తెర మీద రెట్టింపవుతుంది అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆంగ్లానికి ఈ దెబ్బ ఇంతగా తగలకపోవడానికి ఒక కారణం అక్షరాల కట్టడి. అక్కడ ఎక్కువగా నిలువు గీతలు. ఒక అక్షరాన్ని మరో దాని నుంచి వేరుచేసే తేడాలు అడ్డంగా పరచుకుని ఉంటాయి. 1998లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన క్లియర్‌టైప్ సరిగ్గా దాన్నే వాడుకుంది. ఎల్‌సీడీలో ప్రతి పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు నిలువు పట్టీలు కాబట్టి, వాటిని విడివిడిగా వెలిగించి అడ్డంగా మూడింతల సూక్ష్మత రాబట్టింది. నిలువుగా మాత్రం ఒక్క పిక్సెల్ పెరగదు. మన గుడులు, వత్తులు పేరుకునేది నిలువుగానే. విండోస్ 7తో వచ్చిన డైరెక్ట్‌రైట్ నిలువు దిశలోనూ అంచులు నునుపు చేస్తుంది, అదొక మేలు. అయినా నునుపు చేసినంత మాత్రాన పిక్సెళ్లు పుట్టుకురావు.

డబ్ల్యూసీఏజీ ‘పెద్ద పాఠం’ నిర్వచనంలోనూ తెలుగు గుర్తుకు రాలేదు. 18 పాయింట్లు, లేదా బోల్డ్‌లో 14 పాయింట్లు దాటితే 3:1 చాలంటుంది. చైనా, జపాన్, కొరియా లిపులకు సమానమైన సైజు వేరే చూసుకోమని చెబుతుంది, మన లిపుల ఊసెత్తదు. కాబట్టి తెలుగు శీర్షికలకు ఆ సడలింపు వాడొద్దు. మామూలు పాఠానికి 7:1 పెట్టుకోవాలి. తెలుపు మీద బూడిదరంగు కావాలనుకుంటే #595959 ఆఖరి గీటు, #333333 అయితే నిశ్చింత. సైజు ఆంగ్లం కన్నా పది నుంచి ఇరవై శాతం ఎక్కువ ఉండాలి: ఆంగ్లం 16 అయితే తెలుగు 18 లేదా 19. పేజీలో తెలుగు భాగానికి భాషా గుర్తు సరిగ్గా పెడితే ఈ మార్పు ఒక్కచోట రాస్తే చాలు, అంతటా వర్తిస్తుంది. పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా సరైన గొంతు అందుకుంటుంది.

వరుసల ఎడం గురించి కాస్త గట్టిగా చెప్పాలి. ఆంగ్ల పేజీల్లో లైన్ హైట్ 1.2, 1.4 మామూలు. తెలుగులో దానితో పై వరుస వత్తులు కింది వరుస గుడుల్లోకి దూరతాయి. 1.6 నుంచి 1.8 పెట్టాలి, అదీ పిక్సెళ్లలో కాకుండా ప్రమాణం లేని అంకెగా, అప్పుడే అక్షరం పెంచుకున్నప్పుడు ఎడమూ పెరుగుతుంది. ఇంతకన్నా పెద్ద నష్టం బటన్లలో జరుగుతుంది. బటన్ ఎత్తు 36 పిక్సెళ్లని బిగించి, బయటికి వచ్చినదాన్ని కత్తిరించమని రాస్తారు. ‘రద్దు’ కాస్తా ‘రదు’ అవుతుంది, ‘రిజిస్ట్రేషన్’లో కింది వత్తు సగానికి తెగుతుంది. ఎత్తు బిగించకుండా కనీస ఎత్తు మాత్రమే ఇచ్చి, పైనా కిందా ఖాళీ వదిలితే సరిపోతుంది. ఆండ్రాయిడ్‌లో వేలితో నొక్కే చోటు ఎలాగూ 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో సైజుల కొలత) ఉండాలన్నది సిఫారసు కాబట్టి చోటు లేదన్న సాకు చెల్లదు.

ఆండ్రాయిడ్ ప్రస్తావన వచ్చింది కనుక యాప్‌లు రాసేవాళ్లకు ఒక మాట. ఇన్నేళ్లూ ఆ వ్యవస్థ తెలుగు, కన్నడ, మలయాళం, తమిళం వంటి పొడవు లిపులకు లేఅవుట్ చెడకుండా ఎత్తు కుదించిన ఫాంటును వాడుతూ వచ్చింది. మన అక్షరాలు నొక్కినట్టు కనిపించడానికి అదీ ఒక కారణం. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లలో కుదించని, సులువుగా చదవగలిగే ఫాంటే దానంతట అదే వస్తుంది. దాంతో ఎత్తు బిగించిన పాత బటన్లలో కొత్తగా కత్తిరింపులు మొదలవుతాయి. అప్పుడు చాలామంది పాత తీరుకు మళ్లించే మీట వెతుక్కుంటారు. దయచేసి ఆ పని చేయకండి, బటన్‌ను సరిచేయండి. పాఠం సైజులు డీపీలో కాక, వాడేవారి ఫాంట్ సెట్టింగ్‌తో పాటు పెరిగే ఎస్పీ కొలతలో ఇవ్వండి. లేకుంటే పెద్దవాళ్లు ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాలు పెంచుకున్నా మీ యాప్ మాత్రం కదలదు.

ఫాంటుల్లో మరో ఉచ్చు బోల్డ్. మండలి, ఎన్టీఆర్, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లు చూడముచ్చటగా ఉంటాయి కానీ ఒకే మందంలో దొరుకుతాయి. శీర్షికకు బోల్డ్ పెట్టగానే బ్రౌజర్ ఉన్న గీతకే మందం పూసి దొంగ బోల్డ్ తయారుచేస్తుంది. థ పొట్టలో చుక్క పూడిపోతుంది, వత్తులు ముద్దకడతాయి. బోల్డ్ కావలసినచోట నోటో శాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, అనెక్ తెలుగు లాంటి, వేర్వేరు మందాలు నిజంగా గీసిన ఫాంట్లు వాడాలి. ఇటాలిక్ అయితే తెలుగుకు అసలు వద్దు. మన లిపిలో లేని వాలును యంత్రం సాగదీసి సృష్టిస్తుంది, తక్కువ పిక్సెళ్ల తెర మీద అది మెట్లుమెట్లుగా కనబడుతుంది.

రంగుల ఎంపికలో మనవాళ్ల మోజు వేరే. ఎరుపు మీద పసుపు, నీలం మీద ఎరుపు, కాషాయం మీద తెలుపు. కంటికి వెలుగుగా తోచడంలో ఆకుపచ్చ వాటా దాదాపు 72 శాతం, ఎరుపు 21, నీలం 7 మాత్రమే; కాంట్రాస్ట్ లెక్కలో ఈ వాటాలే వాడతారు. అందుకే అచ్చమైన నీలం మీద అచ్చమైన ఎరుపు ఎంత ‘కొట్టొచ్చినట్టు’ ఉన్నా నిష్పత్తి 2.15. కాషాయం (ఎరుపు 255, ఆకుపచ్చ 153, నీలం 51) మీద తెల్ల అక్షరం 2.13. ఎరుపు మీద పసుపు 3.72. ఎరుపు కావాలంటే దాన్ని 255 నుంచి 179కి దించండి; దాని మీద తెలుపు 7 దాటుతుంది, పసుపు 6.7కు చేరుతుంది. పండగ కళ ఏమీ తగ్గదు.

ఈ నిష్పత్తి తక్కువైన జంటలు ఫార్వర్డ్ అయ్యే కొద్దీ ఇంకా పాడవుతాయి. ప్రకటనలూ నోటిఫికేషన్లూ జేపెగ్ బొమ్మలుగా తిరుగుతుంటాయి. జేపెగ్ సాధారణంగా వెలుగును ప్రతి పిక్సెల్‌కూ దాచి, రంగును మాత్రం రెండు అడ్డం, రెండు నిలువు కలిపి నాలుగు పిక్సెళ్లకు ఒకటిగా దాస్తుంది. వీడియోలోనూ ఇదే. వెలుగులో తేడా లేకుండా రంగులోనే తేడా ఉన్న అక్షరానికి అంచంతా ఆ పావు వంతు సమాచారం మీదే ఆధారపడుతుంది. ఎరుపు-నీలం అక్షరాలు ఒలికిన సిరాలా అలుక్కుపోయేది అందుకే. నోటీసు బొమ్మగా పంపక తప్పకపోతే రంగు వివరం తగ్గించని పీఎన్‌జీగా దాచండి, లేదా పాఠం ఎంచుకోగలిగే పీడీఎఫ్ ఇవ్వండి.

ఎండలో ఏమవుతుందో కూడా చూద్దాం, రైతు కోసం చేసిన యాప్‌ను రైతు చూసేది పొలం గట్టు మీదే కనుక. 500 నిట్ల వెలుగు ఇచ్చే ఫోన్‌ను పట్టపగలు చెట్టు నీడలో, అంటే సుమారు 10,000 లక్స్ వెలుతురులో పట్టుకున్నారనుకోండి. గాజు అందులో 5 శాతం వెనక్కి తిప్పిందనుకున్నా తెర అంతటా సుమారు 160 నిట్ల తెల్లటి పొర పరుచుకుంటుంది. 21:1 ఉన్న నలుపు-తెలుపు జంట దాదాపు 4:1కు దిగుతుంది. #767676 బూడిద 2.6 దగ్గర ఆగుతుంది. నేరుగా ఎండలో అయితే లెక్కే వద్దు. పొలంలో వాడే యాప్‌కు తెల్ల నేపథ్యం, నల్ల అక్షరం, 18కి పైబడిన సైజు తప్ప వేరే దారి లేదు. నల్ల తెర మోడ్ అక్కడ పనిచేయదు.

చేతిలో ఉన్న తెరను సరిగ్గా వాడుకోవడం గురించి ఆఫీసుల వాళ్లకు కొంత. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని 1920×1080 మానిటర్‌ను 1366×768కి దించుకునే అలవాటు విస్తారంగా ఉంది. అలా చేస్తే ఒక్కో పిక్సెల్ 1.4 పిక్సెళ్ల మీద పరుచుకుని ప్రతి అంచూ మసకబారుతుంది, తెలుగు మరీను. డెస్క్‌టాప్ మీద కుడి క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి, రిజల్యూషన్‌ను ‘రికమెండెడ్’ అని ఉన్నదానికే మార్చండి. ఆ తర్వాత స్కేల్‌ను 125 లేదా 150 శాతం చేయండి. స్టార్ట్ మెనూలో క్లియర్‌టైప్ అని వెతికి, అది చూపే నమూనాల్లో స్పష్టంగా ఉన్నవి ఎంచుకోండి. మానిటర్‌కు పాత వీజీఏ తీగ ఉంటే హెచ్‌డీఎంఐ తీగ వేయండి. మార్చలేకపోతే మానిటర్ మీది ‘ఆటో’ బటన్ నొక్కితే కొంత కుదురుతుంది. సమావేశ మందిరాల్లో టీవీని మానిటర్‌గా వాడేచోట అంచులు తెగడం, అక్షరాల చుట్టూ తెల్లటి నీడ రావడం మామూలే. పిక్చర్ సైజును ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’కు, ఇన్‌పుట్ పేరును ‘పీసీ’కి మార్చి, షార్ప్‌నెస్ బాగా తగ్గిస్తే రెండూ పోతాయి. ఇన్‌పుట్‌ను పీసీగా గుర్తించగానే చాలా టీవీలు రంగును కూడా పూర్తి వివరంతో చూపించడం మొదలుపెడతాయి.

ఇక మీ సంగతి. ఈ-పేపర్ పేజీ 33 సెంటీమీటర్ల వెడల్పుదనుకుంటే, అంటే 13 అంగుళాలు, దాన్ని 1080 పిక్సెళ్ల బొమ్మగా ఇస్తే పేజీలో అంగుళానికి 83 పిక్సెళ్లే మిగులుతాయి. 10 పాయింట్ల వార్త అక్షరానికి దక్కేది 11 లేదా 12. పాఠకుడు ఎంత పెద్దది చేసినా కనిపించేది అలికిన ముద్దే. కనీసం 2600 పిక్సెళ్ల వెడల్పుతో ఇస్తే అదే అక్షరానికి 28 వరకు వస్తాయి, వత్తులు విడివడతాయి. ఫైల్ బరువు పెరుగుతుందన్నది నిజం. పేజీని ముక్కలుగా కోసి, చదివే ముక్కనే పంపితే ఆ బరువు పాఠకుడి డేటా మీద పడదు. వార్తను నొక్కితే అది పాఠంగా తెరుచుకునే ఏర్పాటు అన్నిటికన్నా మేలు.

ఎన్నికల రోజున వేసే పటాలూ చూడండి. 175 నియోజకవర్గాల పటాన్ని పార్టీ రంగులతో నింపేసి, రంగు చూసి అర్థం చేసుకోమంటారు. తెలుపు మీద అచ్చమైన పసుపు కాంట్రాస్ట్ 1.07, అంటే ఉన్నట్టే లెక్క కాదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని చూపు మగవారిలో అరుదు కాదు. వాళ్లకు కొన్ని పార్టీలు కలిసిపోయి కనబడతాయి. (పొత్తు కుదిరిందేమో అనుకునే ప్రమాదమూ ఉంది.) ప్రతి నియోజకవర్గానికీ ముదురు సరిహద్దు గీత, లోపల పార్టీ పేరులో మొదటి అక్షరం, చోటు చాలని చోట చారలో చుక్కలో వేస్తే అందరికీ తెలుస్తుంది. ‘ఆమోదం’, ‘తిరస్కరణ’లను ఆకుపచ్చ, ఎర్ర చుక్కలతోనే చూపించే పోర్టళ్లకూ ఇదే వర్తిస్తుంది: చుక్క పక్కన మాట రాయాలి.

నియమాలు లేక ఈ పరిస్థితి రాలేదు. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో కూర్పు 2023లో వచ్చింది, యాప్‌లనూ కలుపుకుని డబ్ల్యూసీఏజీ 2.1 డబుల్ ఏ స్థాయిని, అంటే 4.5:1 అడిగే స్థాయిని కోరుతుంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 నుంచే ఉంది. రాజీవ్ రాటూరీ కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు సౌలభ్య ప్రమాణాలు సిఫారసులుగా మిగలకూడదని, తప్పనిసరి నిబంధనలు రూపొందించాలని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు ముందుకు వచ్చిన అధ్యయనం హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రానిది. ఇంత ఉన్నా, తెలుగు పేజీని తెలుగు పేజీగా పరీక్షించాలని టెండర్లలో అడగడం నేనెక్కడా చూడలేదు. ఆంగ్ల పేజీకి నివేదిక తెచ్చి, తెలుగును అనువాదంగా అతికించి బిల్లు పెడుతున్నారు.

రెండు రాష్ట్రాల ఐటీ శాఖలు టెండరు పత్రాల్లో ఒక్క పరీక్ష చేర్చితే చాలా మటుకు సర్దుకుంటుంది. ఖరీదేమీ లేదు. 1366×768 లాప్‌టాప్ మీద స్కేల్ 100 శాతంలో ఒకసారి, 720 పిక్సెళ్ల వెడల్పు ఫోన్‌లో ఫాంట్ సైజు అన్నిటికన్నా పెద్దది పెట్టి మరోసారి ప్రతి పేజీ తెరవాలి. పేరు గడిలో, బటన్ మీద, మెనూలో, పట్టికలో ‘స్త్రీ’, ‘లక్ష్మీ’, ‘రాష్ట్రం’, ‘రిజిస్ట్రేషన్’, ‘కైంకర్యం’, ‘భాస్కర్’ అనే ఆరు మాటలు పెట్టి చూడాలి. వత్తు తెగినా, పక్క వరుసను తాకినా, 60 సెంటీమీటర్ల దూరం నుంచి భ బగా కనిపించినా ఆ పేజీ వెనక్కి పంపాలి. ఆ తర్వాతే బిల్లు మీద సంతకం.

— తెలుగు ఫాంట్లు, తెర రూపకల్పన పనిలో ఉన్న ఒక పాఠకుడు, విశాఖపట్నం